ఖాళీ కుండ కూడా తొణకదు

పంపుల గది పక్కనున్న గది,
జూన్ మొదటివారం.

బామ్మర్దికి,

మీ అక్క ఇక్కడుంటే ముందు నీ కాలు ఎలా ఉందో అడగమనేది. కాబట్టి ముందు అదే అడుగుతున్నాను. నీ కాలు ఎలా ఉంది? గేజ్ బిగించడానికి నిచ్చెనెక్కి, గేజ్‌ను భద్రంగా గుండెకు హత్తుకుని తను మాత్రం కింద పడ్డవాడు లోకంలో నువ్వొక్కడివే అయ్యుంటావు. గేజ్ పగల్లేదని విని సంతోషించాను.

ఇక అసలు విషయం. మా ప్రయోగశాలకు పెద్ద స్టీలు ఛాంబర్ ఒకటి వచ్చింది. లోపల నిలబడి రెండు చేతులూ చాచినా గోడలు తగలవు. అందులోంచి గాలినంతా లాగేసి ఖాళీ చెయ్యాలి. ఎంత ఖాళీ అయిందో చెప్పడానికి గేజ్ కావాలి. ఏ రకం కొనాలో పోల్చి నివేదిక రాయమని డైరెక్టర్ గారు నాకు అప్పగించారు. బయటివాళ్ల అభిప్రాయం ఒకటి రాతలో ఉంటే మంచిదన్నారు. అద్దాలకు పూతపూసే మీ వర్క్‌షాపులో రోజూ చల్లటి గేజ్‌లతోనే కదా నీ కాపురం. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే ఫైల్లోకి ఎక్కదు.

ఫైలు చదివే గుమాస్తా కోసం రెండు ముక్కలు రాస్తున్నాను, నువ్వు ఓపిక పట్టు. వేడి గేజ్‌లో సన్నటి ఫిలమెంట్ తీగ ఎర్రగా కాలుతుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, దారిలో ఎదురైన గాలి అణువుల్ని గుద్ది అయాన్లుగా మారుస్తాయి. ఆ అయాన్లు మధ్యలో ఉన్న తీగ మీద చేరతాయి. తక్కువ చేరితే గాలి తక్కువున్నట్టు. చల్లటి గేజ్‌లో కాలే తీగ ఉండదు. పెద్ద వోల్టేజీ, ఒక అయస్కాంతం, అంతే. ఎలక్ట్రాన్లు సుడి తిరుగుతూ గాలి అణువుల్ని గుద్ది, మంటలా తమంతట తామే అంటుకుంటాయి. దేన్లోనైనా చూపే అంకె పదికి ఘాతం, దాని ముందు మైనస్ ఉంటుంది. మైనస్ తొమ్మిది కంటే మైనస్ పది ఎక్కువ ఖాళీ.

నా ఓటు వేడి గేజ్‌కే. అది అబద్ధం చెప్పదు. చల్లటిది చెప్పే అంకెలో సగం నిజమైతే గొప్ప. అయినా నిష్పక్షపాతంగా పోల్చాలని నిశ్చయించుకున్నాను.

ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది. హాల్లో కొత్త గోడ గడియారం ఒకటి కనిపించింది. ల్యాబ్ గడియారంతో సరిచూశాను, చాలా కచ్చితంగా నడుస్తోంది. వంటగదిలో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. నీ కాలు పూర్తిగా నయమయ్యేదాకా మీ అక్కను అక్కడే ఉండనీ, నాకేం ఇబ్బంది లేదు.

మీ బావ


పూత వర్క్‌షాపు, మెట్ల కింది బల్ల,
జూన్ మూడోవారం.

బావా,

నీ ఉత్తరం అక్కకు చూపించాను. చదివి మడిచి, "నాకేం ఇబ్బంది లేదు" అన్న ముక్క మళ్లీ విప్పి చదివింది. వెళ్లి కాఫీ పెట్టుకుంది, నాకు పెట్టలేదు. నీ మూలంగా నా కాఫీ పోయిందని ఫైల్లో ఎక్కించు.

నిష్పక్షపాతం అంటూనే వేడి గేజ్ అబద్ధం చెప్పదన్నావు చూడు, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మాటకు నువ్వు బతికున్న సాక్ష్యం. నీ వేడి గేజ్ సుకుమారి. ఎవడో ఒక కవాటం తొందరపడి తెరిచాడంటే ఫిలమెంట్ ఫట్‌మంటుంది. అది లేచినప్పుడల్లా ముందు దాన్ని కాచి, ఒంటికి పట్టిన వాయువులు వదిలించి, బుజ్జగించాలి. పైగా అది చాలా లోతు శూన్యంలో ఏం చేస్తుందో నువ్వే నాకు చెప్పావు. దాని ఎలక్ట్రాన్లు వెళ్లి మధ్య తీగ చుట్టూ ఉన్న జాలీని కొట్టినప్పుడు సన్నగా ఎక్స్-కిరణాలు పుడతాయి, అవి తగిలితే మధ్య తీగలో కరెంటు వస్తుంది, దాన్ని కూడా అది గాలి కింద లెక్కేస్తుంది. అంటే తన వెలుగు తనే చూసుకుని, ఇంకా లోపల ఎవరో ఉన్నారంటుంది. అలాంటిదాన్ని నిజాయితీపరురాలంటే ఎలా?

మా చల్లటిది మొండిఘటం. నూనె ఆవిరి పట్టినా, గాలి కొట్టినా, నాలాంటివాడు దాన్ని కౌగిలించుకుని నిచ్చెన మీంచి పడ్డా, దులుపుకుని లేస్తుంది. అంకె అటూ ఇటూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కొంత గాలిని తనే మింగేస్తుంది, అదీ ఒప్పుకుంటాను. మరీ లోతులో స్విచ్ వేస్తే అంటుకోవడానికి బద్ధకిస్తుందని కూడా విన్నాను. మేం అంత లోతు ఎప్పుడు చూశాం గనక. పొద్దున్నే గాలి బాగా ఉన్నప్పుడే స్విచ్ వేస్తాం, ఠక్కున అంటుకుంటుంది. ఇదే నా అభిప్రాయం, సంతకం కింద ఉంది.

ఇది ఫైలుకు కాదు. నా కాలికి కట్టు విప్పేశారు. మెట్లు దిగుతున్నాను, ఎక్కుతున్నాను, ఇవాళ బస్సు వెనకాల పరిగెత్తాను కూడా. అక్క రోజూ పొద్దున్నే సంచి తగిలించుకుని వెళుతుంది, సాయంత్రం వస్తుంది. ఎక్కడికి వెళుతోందని నువ్వు అడుగుతావని ఈ వాక్యం రాశాను. అడిగితే చెబుతాను.

నీ బామ్మర్ది


పంపుల గది పక్కనున్న గది,
జూలై.

బామ్మర్దికి,

నీ అభిప్రాయం అందింది. మొదటి పేరా, చివరి పేరా కత్తిరించి మిగిలింది ఫైల్లో పెట్టాను. మాట కరుకైనా విషయం ఉంది. వేడి గేజ్ తన వెలుగు తనే చూసుకుంటుందన్న మాట డైరెక్టర్ గారికి బాగా నచ్చింది. అది నేను చెప్పిన మాటేనని ఆయనకు చెప్పాను.

నీ విమర్శ చదివాక నాలో నేనే తర్కించుకున్నాను. పక్షపాతం చంపుకోవడం శాస్త్రజ్ఞుడి మొదటి ధర్మం. అందుకని ఛాంబర్‌కు రెండూ బిగించాను. వేడిది ఉత్తరం వైపు, చల్లటిది ఓ మోచేతి గొట్టం మలుపు తర్వాత దక్షిణం వైపు. ఒకదాన్ని ఇంకోటి చూడకూడదు, ప్రభావితం చెయ్యకూడదు. పైగా చల్లటి గేజ్ కొంత గాలిని, మలినాలతో సహా, తనే మింగేస్తుందని నువ్వే అన్నావు కాబట్టి, దాన్ని శుభ్రంగా ఉంచడానికి ఇప్పుడే స్విచ్ వెయ్యను. శూన్యం బాగా లోతుకు వెళ్లాకే వేస్తాను. మీ వర్క్‌షాపులో ఇంత శ్రద్ధ ఉండదు, తప్పు పట్టడం లేదు.

మీ అక్క పొద్దున్నే వెళ్లి సాయంత్రం వస్తుందన్నావు. చాలా మంచిది. నడక ఆరోగ్యానికి అవసరం. ఇక్కడున్నప్పుడు నేనే చెబుతుండేవాణ్ని, వినేది కాదు.

నువ్వేదో మా ఇద్దరి మధ్య ఏదో ఉన్నట్టు నసుగుతూ రాస్తావు. ఏమీ లేదయ్యా. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం ఒక్కసారి గొంతు పెంచుకున్నది లేదు. పక్క వాటాలో వాళ్లు రోజూ గిన్నెలు విసురుకుంటారు, గోడకవతల మాకు వినిపిస్తుంటుంది. మాది అలా కాదు. నిండు కుండ తొణకదు.

నీ కాలు నయమైనందుకు సంతోషం.

మీ బావ


పూత వర్క్‌షాపు,
జూలై, వాన పడుతోంది.

బావా,

నడక!

ఆ ముక్క చదివి అక్క చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది నవ్వడం ఆపేసింది. నాకు ఆపడం ఆలస్యమైంది, అందుకు తిట్లు తిన్నాను.

ఇక నాకు ఓపిక లేదు. అక్క నాకు పెట్టిన షరతు ఒకటుంది: "ఆయన అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు." నువ్వు అడగవు. అడగవని దానికి తెలుసు, అయినా అడుగుతావేమోనని రోజూ టపా డబ్బా చూస్తుంది. మధ్యలో నాకొచ్చింది చావు. అందుకని సగం చెబుతున్నాను. అక్క నడకకు వెళ్లడం లేదు. ఉద్యోగానికి వెళుతోంది. ఇక్కడి పెద్దాసుపత్రిలో, వినికిడి పరీక్షల విభాగంలో. అక్కడ మీ ఊళ్లో చిన్న క్లినిక్‌లో చేసే పనే, ఇక్కడ విభాగం మొత్తం దాని చేతికింద ఉంది. గోడలన్నిటికీ మెత్తటి స్పాంజి పరిచిన గది, మధ్యలో కుర్చీ, అద్దానికి ఇవతల అక్క. లోపలివాళ్ల చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి రకరకాల శబ్దాలు పంపిస్తుంది. వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నేనొకసారి కూర్చున్నాను. శబ్దం రాకుండానే రెండుసార్లు నొక్కానట. "నీకు వినపడటం సమస్య కాదు, ఆగటం సమస్య" అంది.

మిగతా సగం నువ్వు అడిగితే.

నిండు కుండ తొణకదన్నావు, నిజమే. ఖాళీ కుండ కూడా తొణకదు బావా. రోజంతా శూన్యంతో కాపురం చేసేవాడివి, నీకు నేను చెప్పాలా?

నీ బామ్మర్ది

ఇంకోటి. మీ హాల్లో కొత్త గడియారం కచ్చితంగా నడుస్తోందన్నావు. ఎక్కడిదో?


పంపుల గది,
ఆగస్టు.

బామ్మర్దీ,

ముందు శుభవార్త. రికార్డు!

ఛాంబర్‌ను వారంపాటు వేడిచేసి, చల్లార్చి, గాలి లాగాం. వేడి గేజ్ మైనస్ పది దాకా దిగి ఆగిపోయింది. అటూ కదలదు, ఇటూ కదలదు. ఎందుకు ఆగిందో నాకు తెలుసు: తన ఎక్స్-కిరణాలను తనే చూసుకుంటోంది. అదే దాని అడుగు. నేను ముప్పై ఏళ్లుగా నెత్తిన పెట్టుకున్న గేజ్ కదా అని మొహమాటపడలేదు. అప్పుడు చల్లటి గేజ్‌కు స్విచ్ వేశాను. ముల్లు ఎడమ చివరకు ఆనుకుని ఉండిపోయింది. స్కేలులో అంతకంటే కిందికి అంకెల్లేవు! అంటే మైనస్ పదకొండుకు కూడా దిగువ. రోజంతా చూశాను, చిటికెడు వణుకు లేదు. అంత నిశ్చలంగా ఉన్న ముల్లును నా సర్వీసులో చూడలేదు.

డైరెక్టర్ గారిని పిలిచి చూపించాను. ఆయన ముల్లు చూశారు, నన్ను చూశారు, వెంటనే గుమాస్తాను పిలిచారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే రకం ఆయన, నీకు తెలుసు. ఆ సాయంత్రానికే బ్యానర్‌కు ఆర్డరిచ్చారు. వచ్చే నెల మొదట్లో సభ. పై కమిటీ వస్తోంది. నన్ను మాట్లాడమన్నారు. నా నివేదిక చివరి వాక్యం ఇప్పుడే రాసేశాను: "చల్లటి గేజ్ శ్రేష్ఠం." నువ్వు గెలిచావు, ఒప్పుకుంటున్నాను. నా అంతట నేను మారగలిగానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

మీ అక్క ఉద్యోగం సంగతి రాశావు. మంచిదే. ఊరికే కూర్చునేకంటే నాలుగు రోజులు ఏదో వ్యాపకం. రికార్డు సంగతి తనకు చెప్పు. సభ నాటికి వచ్చేస్తే బాగుంటుంది, నా నీలం కోటు ఎక్కడ పెట్టిందో దొరకడం లేదు.

గడియారం సంగతి నాకెలా తెలుస్తుంది? ఎవరో ఇచ్చి ఉంటారు.

మీ బావ


పూత వర్క్‌షాపు, మెట్ల కింది బల్ల,
ఆగస్టు.

బావా,

నేను గెలిచానన్నావు. గెలిచినట్టు లేదు. ఎందుకో చెబుతాను, నిదానంగా చదువు. ఈ ఉత్తరం ఫైల్లో పెట్టకు.

నీ రికార్డు సంగతి రాత్రి అన్నం దగ్గర అక్కకు చదివి వినిపించాను. నిశ్చలంగా ఉన్న ముల్లు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది. "రోజంతా అసలు కదల్లేదా?" అంది. లేదన్నాను. "మా గదిలో ఎవరైనా ఒక్కసారి కూడా బటన్ నొక్కకపోతే, చెవుడని వెంటనే రాసెయ్యం. ముందు ఇయర్‌ఫోన్ వైరు తగిలించామా లేదా చూస్తాం. ఆయన్ని గేజ్ కేబుల్ ఒకసారి పీకి చూడమను" అంది. అంతే అంది. మళ్లీ అన్నం కలుపుకుంది.

అప్పుడు తట్టింది బావా. మా మొండిఘటం లోతులో అంటుకోవడానికి బద్ధకిస్తుందని నేను రాశాను. గంటలు పట్టొచ్చని, ఒక్కోసారి రోజులు పట్టొచ్చని ఇవాళ మా పాత మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను. నువ్వేమో దాన్ని శుభ్రంగా ఉంచాలని అట్టడుగుకు వెళ్లాక స్విచ్ వేశావు. అక్కడ గుద్దుకోవడానికి అణువులే లేవు, అదెలా అంటుకుంటుంది? నీ గేజ్ లోపం నీకు బాగా తెలుసు కాబట్టి దాన్నే అనుమానించావు. నాది కొత్తది, మర్యాదగా కూర్చుంది, నోరెత్తలేదు, కాబట్టి నమ్మావు. కేబుల్ పీకు. ముల్లు కదిలితే నాకు కాఫీ పొయ్యి. కదలకపోతే ఏం చేస్తావో నీ ఇష్టం.

ఇక మిగతా సగం. అడక్కపోయినా చెబుతున్నాను, అక్క నన్ను తన్నినా సరే. ఆ ఉద్యోగం నాలుగు రోజులది కాదు. ఈ నెలాఖరుకు ఒప్పుకుని సంతకం పెడితే శాశ్వతం. ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు కూడా చూసింది. రెండు గదులు, వెనక కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. ఇదంతా నా కాలు విరిగాక మొదలైంది కాదు. దరఖాస్తు పెట్టినప్పుడు నీకు చెప్పింది. నువ్వు అన్నం తింటున్నావు, ఊఁ అన్నావు. రమ్మని ఉత్తరం వచ్చినప్పుడు చెప్పింది. నువ్వు కుళాయి బిగిస్తున్నావు, ఊఁ అన్నావు. పాత క్లినిక్‌లో ఆఖరి రోజు అయిపోయి ఇంటికొచ్చి, "మరి నన్ను వెళ్లమంటారా?" అని అడిగింది. ఏదో అంకె లెక్కేసుకుంటూ సరే అన్నావు. మౌనం అర్ధాంగీకారమంటారు కదా, నీది పూర్తి అంగీకారమేననుకుని పెట్టె సర్దుకుంది. అప్పుడే నేను నిచ్చెన మీంచి పడ్డాను. కాలు నాది విరిగింది, సాకు మీ ఇద్దరికీ పనికొచ్చింది.

ఆ గడియారం పాత క్లినిక్ వాళ్లు వీడ్కోలుకు ఇచ్చింది. గోడకు మేకు కొట్టింది నువ్వేనట.

నీ మీద నాకు కోపంగా ఉంది. బావ అయిపోయావు, లేకపోతే ఇంకా రాసేవాణ్ని.

నీ బామ్మర్ది


పంపుల గది,
ఆగస్టు చివర.

బామ్మర్దీ,

కేబుల్ పీకాను. ముల్లు కదల్లేదు. మళ్లీ తగిలించాను, కదల్లేదు. గేజ్‌కు కరెంటిచ్చే డబ్బా స్విచ్ కూడా ఆపేశాను, అప్పుడూ అక్కడే ఉంది. వారం రోజులుగా నేను చూసి మురిసిపోయిన నిశ్చలత్వం చచ్చినవాడి నాడి లాంటిదన్నమాట.

తర్వాత కవాటం సూదిమొనంత తెరిచి, కాస్త గాలి లోపలికి వదిలాను. వెంటనే అంటుకుంది. ముల్లు లేచి, తూలి, ఊగి, నెమ్మదిగా దిగింది. మళ్లీ లాగించాను. మర్నాటికి మైనస్ పది దగ్గర, వేడి గేజ్ చెప్పినదానికి కాస్త అటూ ఇటూగా నిలబడింది. రికార్డూ లేదు, పాడూ లేదు. మంచి శూన్యమే, అందరికీ ఉండేలాంటిదే.

డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన మొదట అడిగిన మాట: "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" నా భార్యకు తెలుసన్నాను. ఆవిడది ఏ శాఖ అన్నారు. చెవుల శాఖ అన్నాను. సభ రద్దు చెయ్యడానికి వీల్లేదు, కమిటీకి టిక్కెట్లు అయిపోయాయి. అందుకని ఇప్పుడది "గేజ్‌ల పోలికపై చర్చా సభ". బ్యానర్ తిరగేసి పాత పంపు మీద కప్పారు. చినుకులు పడకుండా బాగానే పనికొస్తోంది.

నివేదిక చివరి వాక్యం కొట్టేసి వేరే రాశాను. రెండూ కొనమన్నాను. వేడిది తన వెలుగును గాలనుకుంటుంది, చల్లటిది తన నిద్రను శూన్యమనుకుంటుంది. రెండూ ఒకే గోడ మీద ఉండి, అప్పుడప్పుడూ మాట పట్టింపు పెట్టుకుంటేనే మనకు నిజం తెలిసేది. చల్లటిదాన్ని గాలి ఉన్నప్పుడే వెలిగించాలని ఎర్ర సిరాతో రాశాను. ఈ విషయం నాకు పాఠ్యపుస్తకంలో ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. తెలిసుండీ చూసుకోలేదు. అంతకంటే సిగ్గు ఏముంటుంది?

నువ్వు అడగమన్నవి ఇప్పుడు అడుగుతున్నాను. మీ అక్క ఏ దారిన ఆసుపత్రికి వెళుతుంది? బస్సా, నడకా? మధ్యాహ్నం ఎక్కడ తింటుంది? అక్కడ తనకు స్నేహితులున్నారా? ఆ ఇంట్లో రైలు శబ్దానికి నిద్ర పడుతుందా? నెలాఖరు ఇంకా దాటలేదు కదా? ఇవన్నీ నీకు కాదు, తనకే రాయాలని తెలుసు. ఇందులోనే ఇంకో కవరు పెట్టాను. దాన్ని నువ్వు విప్పకుండా ఇవ్వు.

మీ బావ


ఇంట్లో, హాలు,
అదే రోజు.

నీకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంతసేపు కూర్చున్నాను. మనం ఎప్పుడూ ఉత్తరాలు రాసుకోలేదు. నేను ఊళ్లో లేనప్పుడు ఫోన్ చేసేదానివి. నేను ఏం అనేవాణ్నో నీ తమ్ముడు గుర్తుచేశాడు.

గడియారం దించి వెనక చూశాను. మీ క్లినిక్ వాళ్ల సంతకాలున్నాయి. ఒకరు "మీరు లేకపోతే ఇక్కడ ఎవరికీ ఏమీ వినపడదు" అని రాశారు. దాన్ని నేను ల్యాబ్ గడియారంతో సరిచూశాను, సెకన్లతో సహా. వెనక్కి తిప్పి చూడలేదు.

నువ్వు వెళ్లాక ఇంట్లో ఏమీ మారలేదని నీ తమ్ముడికి గొప్పగా రాశాను. ప్రశాంతంగా ఉందన్నాను. మొన్న చల్లటి గేజ్ కేబుల్ పీకినప్పుడు ముల్లు కదలకపోవడం చూసి నాకు భయమేసింది. గేజ్ గురించి కాదు. నువ్వు మూడు నెలల కిందట కేబుల్ పీకేసి వెళ్లావు. నా ముల్లు ఇప్పటిదాకా అక్కడే ఉంది. అది ప్రశాంతత అనుకున్నాను. నేను అసలు ఎప్పుడు అంటుకున్నానో నాకే అనుమానం వస్తోంది.

పక్క వాటావాళ్లు పొద్దున మళ్లీ గిన్నెలు విసురుకున్నారు. ఈసారి నాకు వాళ్లను చూస్తే అసూయ పుట్టింది. ఆయన ఏదో అన్నాడు, ఆవిడ ఒక మాటకు రెండన్నది, చివరికి ఇద్దరూ నవ్వారు. మనం అలా ఎప్పుడైనా నవ్వామా? నవ్వే ఉంటాం. నేను గమనించి ఉండను.

నువ్వు రావాలని అడగడానికి నాకు హక్కు లేదు. నువ్వు మూడుసార్లు చెప్పావు, నేను మూడుసార్లూ ఒప్పుకున్నాను. మాట ఇచ్చినట్టే లెక్క. సంతకం పెట్టు. కానీ నేను అక్కడికి రావాలని ఉంది. సెలవు పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో నువ్వు చెప్పినదాన్నిబట్టి ఆలోచిస్తాను. రమ్మంటావా? వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పు, వింటాను. నువ్వు లేక నాకు బాగాలేదు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకింత కాలం పట్టింది.

నీలం కోటు దొరికింది. నువ్వు పెట్టిన చోటే ఉంది.

నేను


వినికిడి పరీక్షల గది,
సెప్టెంబరు మొదట్లో.

ఏమండీ,

మీ ఉత్తరం నిన్న అందింది. సంతకం మొన్ననే పెట్టాను. ఉత్తరం ముందొచ్చినా పెట్టేదాన్నే, కాబట్టి ఆలస్యమైందని బాధపడకండి. ఇల్లు కూడా తీసుకున్నాను. రైలు శబ్దానికి మొదటి రెండు రాత్రులు నిద్రపట్టలేదు, ఇప్పుడు రైలు రాకపోతే మెలకువ వస్తోంది. బస్సులోనే వెళుతున్నాను. మధ్యాహ్నం భోజనం మా నర్సు పెద్దావిడతో. మిగతావాటికి మీరు వచ్చి అడిగితే జవాబు చెబుతాను.

గేజ్‌తో మిమ్మల్ని పోల్చుకుని, నన్ను కేబుల్‌ను చేశారు. చదివి కొంచెం కోపం వచ్చింది. తర్వాత, మీకు లోకంలో అంతకంటే దగ్గరి వస్తువు లేదని గుర్తొచ్చి, పొగడ్త కిందే తీసుకున్నాను. కానీ నేను పీకేసి వెళ్లలేదు. మూడుసార్లు చెప్పి వెళ్లాను. ఈ తేడా మీరు మర్చిపోకూడదు.

మీరు చెడ్డవారైతే నాకు తేలికగా ఉండేది. మీరు తిట్టలేదు, కొట్టలేదు, ఏదడిగినా కాదనలేదు. ఎవరికి చెప్పుకున్నా "అంత మంచివాడు కదమ్మా" అనేవారు. ఆ మంచితనం పక్కన కూర్చుని భోంచెయ్యడం ఎంత ఒంటరిగా ఉంటుందో చెప్పడం నాకు చేతకాలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెవిటివాళ్లు కాదు. వాళ్లను ఇంట్లోవాళ్లు బలవంతాన తీసుకొస్తారు, "ఈయనకు వినపడట్లేదు డాక్టర్" అంటూ. పరీక్ష చేస్తే చెవులు బంగారంలా ఉంటాయి. ఆ భార్యలు చీటీ చదువుకుని సంతోషించాలో ఏడవాలో తెలియక నా వంక చూస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు మనమే గుర్తొచ్చాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "నువ్వు లేక నాకు బాగాలేదు" దగ్గర ఏడ్చాను. తమ్ముడు చూశాడు. వాడి నోరు ఎంత గట్టిదో మీకు తెలుసు, ఈపాటికి వర్క్‌షాపులో అందరికీ తెలిసే ఉంటుంది.

రండి. గడియారం తీసుకురండి, ఇక్కడ గోడ ఖాళీగా ఉంది. గేజ్‌లేవీ వద్దు.

స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లకండి, తాళం నా దగ్గరుంటుంది. నేరుగా ఆసుపత్రికి రండి. శనివారం మధ్యాహ్నం రెండో పేషెంటుగా మీ పేరు రాసిపెట్టాను. స్పాంజి గదిలో కుర్చీలో కూర్చోబెడతాను. ఇయర్‌ఫోన్ వైరు నేనే స్వయంగా చూసి తగిలిస్తాను, ఆ సాకు మీకు ఉండదు. మొదట చిన్న చిన్న శబ్దాలు పంపిస్తాను. తర్వాత అద్దానికి ఇవతలినుంచి నేనే మాట్లాడతాను. ఇన్నేళ్లుగా చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. వినిపించిన ప్రతి మాటకూ బటన్ నొక్కాలి.

ఊఁ అంటే లెక్కలోకి రాదు.

మీ నేను